విదేశీ ప్రయాణంలో జాతీయ చిత్రశాల: ఎంపిక నుంచి పరిశీలన వరకు

విదేశానికి వెళ్ళినవారికి ఒక్కో నగరంలో రెండు మూడు రోజులకు మించి దొరకవు. అందులో జాతీయ చిత్రశాలకు దక్కేది మహా అయితే ఒక పూట. లండన్ నేషనల్ గ్యాలరీలో రెండు వేలకు పైగా చిత్రాలున్నాయి. ఒక్కోదానికి ఒక్క నిమిషం ఇచ్చినా ముప్పై గంటలు దాటుతుంది. కాబట్టి అంతా చూసి రావాలన్న పట్టుదలను బయలుదేరక ముందే వదులుకుని, పది చిత్రాలను నిదానంగా చూసి రావాలని నిర్ణయించుకోవడం మేలు. ఈ వ్యాసంలో టికెట్లు, సంచులు, వేళలు, ద్వారాల గురించి చెప్పేదంతా ఆ పది చిత్రాల ముందు మీకు తీరిక మిగలడం కోసమే.

1. మీరు వెతికే చిత్రం ఏ భవనంలో ఉందో తేల్చుకోండి

చాలా రాజధానుల్లో జాతీయ సంపదగా ఉన్న చిత్రాలు ఒకే చోట ఉండవు. లండన్‌నే తీసుకుంటే, ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీ ప్రధానంగా 13వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం తొలినాళ్ళ వరకు వచ్చిన పశ్చిమ ఐరోపా చిత్రాల నిలయం. బ్రిటిష్ చిత్రకళను విస్తారంగా చూడాలంటే టేట్ బ్రిటన్ అనే మరో గ్యాలరీకి వెళ్ళాలి, ప్రముఖుల రూపచిత్రాలకు నేషనల్ గ్యాలరీ వెనుకనే ఉన్న నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వెళ్ళాలి. మాడ్రిడ్‌లో పికాసో గీసిన గెర్నికా చిత్రం కోసం ప్రాదో మ్యూజియంలో వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. అది 1992 నుంచి రైనా సోఫియా మ్యూజియంలో ఉంది. ఓస్లోలో పాత నేషనల్ గ్యాలరీ 2019లో మూతపడింది, దాని చిత్రాలు 2022లో తెరిచిన కొత్త నేషనల్ మ్యూజియం భవనానికి మారాయి. పాత ప్రయాణ పుస్తకాన్ని నమ్ముకుని వెళితే మూసిన తలుపు ముందు నిలబడాల్సి వస్తుంది.

ఇంకొక చిక్కు ఏమిటంటే, ఒకే పేరుతో ఒకటి కంటే ఎక్కువ చిత్రాలు ఉంటాయి. వాన్ గో గీసిన పూలకుండీలోని పొద్దుతిరుగుడు పూల చిత్రం లండన్‌లో ఒకటి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకటి, టోక్యోలో ఒకటి ఉన్నాయి. మరికొన్ని ఇతర నగరాల్లో ఉన్నాయి. మూంక్ గీసిన ‘ద స్క్రీమ్’ కూడా అంతే: 1893 నాటి ప్రసిద్ధ రంగుల చిత్రం ఓస్లో నేషనల్ మ్యూజియంలో ఉండగా, మరికొన్ని రూపాలు అదే నగరంలోని మూంక్ మ్యూజియంలో ఉన్నాయి. మీ మనసులో ఉన్నది వీటిలో ఏదో ముందే సరిచూసుకోండి.

2. రోజు, వేళ, టికెట్

వారపు సెలవును అన్నిటికంటే ముందు చూడాలి. ఐరోపాలో సోమవారం మూసి ఉండే మ్యూజియంలు ఎక్కువ. పారిస్‌లోని లూవ్ర్ మంగళవారం మూసి ఉంటుంది. లండన్ నేషనల్ గ్యాలరీ డిసెంబరు 24, 25, 26, జనవరి 1 తేదీల్లో తప్ప ఏడాదంతా తెరిచే ఉంటుంది. శుక్రవారం రాత్రి 9 గంటల వరకు ఉండనిస్తారు. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ సమాఖ్య ప్రభుత్వ నిధులతో నడుస్తుంది కాబట్టి, అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌లో బడ్జెట్ తగవు తేలక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడినప్పుడు ఇదీ మూతపడుతుంది. 2019 జనవరిలో అలాగే జరిగింది. ఇలాంటి విషయం ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు గ్యాలరీ అధికారిక వెబ్‌సైట్‌లో చూస్తేనే తెలుస్తుంది.

ప్రవేశం ఉచితమా కాదా అన్నది రెండో ప్రశ్న. లండన్, వాషింగ్టన్, డబ్లిన్ జాతీయ గ్యాలరీలలో శాశ్వత సేకరణను చూడటానికి రుసుము లేదు. అయితే అదే భవనంలో జరిగే ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్ ఉండవచ్చు. ప్రాదోలో రోజులోని చివరి రెండు గంటలు ఉచితం: సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం 6 నుంచి 8, ఆదివారాలు, సెలవుదినాల్లో 5 నుంచి 7. కానీ ఆ వేళకు క్యూ భవనం చుట్టూ తిరిగి ఉంటుంది, లోపలికి వెళ్ళేసరికి మిగిలే సమయం రెండు గంటల కన్నా తక్కువ. జీవితంలో ఒక్కసారే వచ్చే అవకాశమైతే టికెట్ కొని ఉదయమే వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. ఉచిత వేళను మరోసారి వచ్చి ఇష్టమైన రెండు చిత్రాలను మళ్ళీ చూసుకోవడానికి వాడుకోవచ్చు.

టికెట్‌ను గ్యాలరీ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. వెతికినప్పుడు పైన కనిపించేవి చాలాసార్లు మధ్యవర్తుల ప్రకటనలు. అదే టికెట్‌కు ఎక్కువ వసూలు చేస్తారు, ఉచిత ప్రవేశానికీ డబ్బు తీసుకునేవారు లేకపోలేదు. టికెట్‌పై ప్రవేశ సమయం రాసి ఉంటే ఆ సమయానికి కాస్త ముందే చేరండి. ఉచితమైన చోట్ల కూడా ముందుగా వేళను కేటాయించుకునే సౌకర్యం ఉంటే వాడుకోండి.

విమానం దిగిన రోజున మాత్రం చిత్రశాల పెట్టుకోవద్దు. నిద్రలేని కళ్ళకు ఏ మహాచిత్రమైనా గోడమీది మరకలాగే కనిపిస్తుంది.

3. పది చిత్రాల జాబితా

గ్యాలరీ వెబ్‌సైట్‌లో సేకరణ విభాగం ఉంటుంది. అక్కడ చిత్రకారుడి పేరుతో గానీ, కాలంతో గానీ వెతికి, మీకు నిజంగా ఆసక్తి కలిగించినవాటిని ఏరండి. పదింటిలో అయిదు ప్రసిద్ధమైనవి, అయిదు మీరు ఎన్నడూ పేరు విననివి పెట్టుకుంటే గుంపుల మధ్య గడిపే సమయం సగానికి తగ్గుతుంది. ఏరిన ప్రతి చిత్రం పేజీలోనూ అది ప్రస్తుతం ప్రదర్శనలో ఉందా, ఉంటే ఏ గదిలో ఉంది అన్నది చూసి, గది సంఖ్యను జాబితాలో రాసుకోండి.

ఈ తనిఖీని తేలిగ్గా తీసుకోకూడదు. చిత్రాలు వేరే దేశాలకు అరువు వెళతాయి, మరమ్మతుకు వెళతాయి, గదులు మూతపడతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో రెంబ్రాంట్ 1642లో గీసిన ‘నైట్ వాచ్’ పరిశోధన, సంరక్షణ పనులు 2019 నుంచి సందర్శకుల కళ్ళెదుటే, గాజు గదిలో సాగుతున్నాయి. పాత వార్నిష్‌ను తీసే పని 2024 నవంబరులో మొదలైంది. అలాంటప్పుడు చిత్రాన్ని ఎప్పటిలా చూడలేకపోయినా, సంరక్షకులు పనిచేయడాన్ని చూసే అరుదైన అవకాశం దక్కుతుంది. ముందే తెలిసి వెళ్ళినవారికి అది లాభంగా కనిపిస్తుంది, తెలియనివారికి నష్టంగా కనిపిస్తుంది.

కాగితం మీద గీసిన నీటిరంగుల చిత్రాలు, రేఖాచిత్రాలు వెలుతురుకు పాడవుతాయి. అందుకే వాటిని ఏడాది పొడవునా గోడకు వేలాడదీయరు. హెన్రీ వాన్ అనే సేకర్త 1900లో తన వీలునామా ద్వారా ఎడిన్‌బరో, డబ్లిన్ జాతీయ గ్యాలరీలకు ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ నీటిరంగుల చిత్రాలను ఇచ్చినప్పుడు, వెలుతురు మందంగా ఉండే జనవరి నెలలోనే వాటిని ప్రదర్శించాలని షరతు పెట్టాడు. విద్యుద్దీపాలను అదుపు చేయగలిగిన ఈ రోజుల్లోనూ రెండు సంస్థలూ జనవరి ఆనవాయితీని నిలబెట్టుకున్నాయి. టర్నర్ అభిమానులు చలికి భయపడకుండా ఆ నెలలో వెళ్ళడం సమంజసమే.

4. సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

హోటల్ ఖాళీ చేసి, రాత్రి రైలుకు ముందు చిత్రశాల చూద్దామనుకునేవారు ఇక్కడే చిక్కుకుంటారు. చక్రాల సూట్‌కేసులను చాలా గ్యాలరీలు గుమ్మం కూడా దాటనివ్వవు, క్లోక్‌రూమ్‌లోనూ పెట్టుకోరు. వాటిని హోటల్‌లో గానీ, రైల్వే స్టేషన్ లగేజీ కేంద్రంలో గానీ వదిలి రండి. వీపు సంచిని లోపలికి అనుమతించినా ఛాతీవైపు తగిలించుకోమంటారు. వెనక్కి తిరిగినప్పుడు అది చిత్రానికి తగిలే ప్రమాదం ఉంది గనుక ఆ నియమం న్యాయమైనదే. పొడవాటి గొడుగులు, సెల్ఫీ కర్రలు, కెమెరా స్టాండ్లు సాధారణంగా నిషిద్ధం.

నీళ్ళ సీసా విషయంలో కొత్త పట్టింపులు వచ్చాయి. 2022 అక్టోబరులో లండన్‌లోని పొద్దుతిరుగుడు పూల చిత్రంపై వాతావరణ ఉద్యమకారులు టమాటా సూప్ చల్లారు. చిత్రాన్ని కప్పిన గాజు దాన్ని కాపాడింది, చట్రానికి మాత్రం కొంత దెబ్బ తగిలింది. అలాంటి దాడులు మరికొన్ని జరిగాక, 2024 అక్టోబరు నుంచి ఆ గ్యాలరీ పసిపిల్లల పాలు, వైద్యులు రాసిన మందులు తప్ప ఏ ద్రవాన్నీ లోపలికి అనుమతించడం లేదు. తనిఖీ వరుసలో నిలబడక ముందే నీళ్ళు తాగేసి వెళ్ళండి.

వెంట ఉండవలసినవి కొద్దివే: గుర్తింపు పత్రం, ఎందుకంటే రాయితీ టికెట్లకు, కొన్నిచోట్ల ఆడియో గైడ్‌కు హామీగా అడుగుతారు, ఇయర్‌ఫోన్లు, చిన్న నోటుపుస్తకం, ఒక పెన్సిల్. పెన్ను కాదు, పెన్సిలే. సిరా చిందితే కడగలేరు కాబట్టి చాలా గదుల్లో పెన్నుతో రాసుకోవడాన్ని సిబ్బంది వారిస్తారు. చిత్రాల కోసం లోపలి ఉష్ణోగ్రతను ఒకే స్థాయిలో ఉంచుతారు. బయటి బరువైన కోటును క్లోక్‌రూమ్‌లో ఇచ్చి, పలుచని పైవస్త్రం ఒకటి ఉంచుకుంటే సరిపోతుంది. చెప్పుల విషయంలో అందానికి కాకుండా పాదాలకే ఓటు వేయండి, లోపల నేలంతా రాయి, చెక్క.

5. లోపలికి అడుగుపెట్టాక

పెద్ద భవనాలకు ఒకటి కంటే ఎక్కువ ద్వారాలుంటాయి, అవి మారుతుంటాయి కూడా. లండన్‌లో 2025 మే నెలలో పునరుద్ధరణ పూర్తి చేసుకున్న సెయిన్స్‌బరీ వింగ్ ఇప్పుడు ప్రధాన ప్రవేశం. లోపలికి వెళ్ళగానే పటం తీసుకుని, జాబితాలోని గదులను దానిపై గుర్తించుకోండి. గదుల సంఖ్యలు సాధారణంగా కాలాన్నీ దేశాన్నీ అనుసరించి సాగుతాయి. ఒకటో గది నుంచి వరుసగా మొదలుపెడితే, ఓపిక ఉన్న మొదటి గంటంతా ఒకే శతాబ్దానికి ఖర్చయిపోతుంది.

తలుపులు తెరిచే వేళకు వెళ్ళినవారు అందరూ ఎగబడే చిత్రం దగ్గరికే ముందు నడవాలి. ఆ గదికి మొదటి అరగంటలో ఉండే ప్రశాంతత మళ్ళీ సాయంత్రం దాకా రాదు. ఆలస్యంగా వెళ్ళినవారు దానికి వ్యతిరేకంగా, దూరపు గదులతో మొదలుపెట్టి ప్రసిద్ధ చిత్రాన్ని చివరికి ఉంచుకోవాలి. గుంపు తప్పదనుకున్నప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. లూవ్ర్‌లో మోనాలిసా ముందు ఫోన్లు ఎత్తిపట్టిన జనానికి వెనుక, ఎదురుగోడ మీద, దాదాపు పది మీటర్ల వెడల్పుతో వెరొనేసే గీసిన కానా పెళ్ళివిందు చిత్రం ఉంటుంది. మోనాలిసా ఎత్తు 77 సెంటీమీటర్లు మాత్రమే. ఆ గదిలోకెల్లా పెద్ద చిత్రానికి వీపు చూపించి వెళ్ళేవారి సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది.

6. చిత్రం ముందు నిలబడి

చాలామంది ముందు పక్కనున్న లేబుల్ చదివి, తరువాత చిత్రాన్ని ఒక్క చూపు చూసి కదిలిపోతారు. దీన్ని తిరగేయండి. లేబుల్ వైపు చూడకుండా, మొదట చిత్రం ఎత్తుకు రెట్టింపు దూరంలో నిలబడి మొత్తంగా చూడండి: వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, మన చూపు ముందుగా ఎక్కడికి పోతోంది, చిత్రంలోని వ్యక్తులు ఎవరిని చూస్తున్నారు. తరువాత దగ్గరికి వెళ్ళి వివరాలు, ఆ తరువాత లేబుల్, చివరగా మళ్ళీ వెనక్కి వచ్చి మరొకసారి మొత్తం. ఒక చిత్రానికి పది నిమిషాలు పట్టవచ్చు. మొదటి రెండు నిమిషాల తరువాత విసుగు వస్తుంది. దాన్ని దాటితేనే అసలు విషయాలు కనిపించడం మొదలవుతుంది.

లండన్‌లోని రెండు చిత్రాలతో ఈ పద్ధతిని చూద్దాం. యాన్ వాన్ ఐక్ 1434లో ఓక్ చెక్కపై తైలవర్ణాలతో గీసిన ఆర్నోల్ఫీని దంపతుల చిత్రం చిన్నది, ఎత్తు 82 సెంటీమీటర్లు. దూరం నుంచి చూస్తే చేయి చేయి కలిపి నిలబడ్డ ఒక పురుషుడు, ఆకుపచ్చని గౌనులో ఒక స్త్రీ, వారి ముందు ఒక చిన్న కుక్క. గౌను కుచ్చిళ్ళను పొట్ట దగ్గర ఎత్తిపట్టుకోవడం వల్ల ఆమె గర్భవతి అనిపిస్తుంది గానీ, అది ఆ కాలపు వేషధారణ. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి వారి మధ్యగా వెనుక గోడను చూడండి. ఉబ్బెత్తు అద్దం ఒకటి ఉంది. దాని చట్రంలో క్రీస్తు శ్రమలకు సంబంధించిన పది చిన్న దృశ్యాలున్నాయి, ఒక్కోటీ గోటికన్నా చిన్నది. అద్దంలో దంపతుల వీపులతో పాటు, గుమ్మంలో నిలబడిన మరో ఇద్దరు కనిపిస్తారు. అంటే మనం నిలబడిన చోటే వాళ్ళు నిలబడి ఉన్నారు. అద్దం పైన గోడ మీద, యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడని లాటిన్‌లో సంతకం, సంవత్సరం. పైన వేలాడే దీపాల గుత్తిలో పట్టపగలు ఒకే ఒక కొవ్వొత్తి వెలుగుతోంది; ఎందుకన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

రెండోది హోల్‌బైన్ 1533లో గీసిన ‘రాయబారులు’. ఇది రెండు మీటర్లకు పైగా ఎత్తున్న చిత్రం, మనుషులు దాదాపు నిలువెత్తున ఉంటారు. వారి కాళ్ళ దగ్గర నేలమీద అడ్డంగా సాగదీసిన బూడిదరంగు ఆకారం ఎదురుగా నిలబడితే ఏమిటో అర్థం కాదు. చిత్రానికి కుడివైపుకు వెళ్ళి, గోడకు దగ్గరగా నిలబడి వాలుగా చూస్తే అది మనిషి పుర్రెగా కుదురుకుంటుంది. ఇది ఏ ఫోటోలోనూ అనుభవానికి రాదు. శరీరాన్ని అక్కడికి తీసుకెళ్ళినందుకు దక్కే ఫలితం. అదే ఊపులో పై ఎడమ మూలను చూడండి, తెర వెనుక సగం దాగిన శిలువ ఉంది. కింది అరలోని వీణవంటి వాద్యానికి ఒక తీగ తెగి ఉంది.

దగ్గరగా చూసేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవడం మంచి అలవాటు. వేలు చూపించి వివరించబోతే కొన్ని గ్యాలరీలలో అలారం మోగుతుంది, మోగకపోయినా సిబ్బంది పరుగెత్తుకొస్తారు.

7. లేబుల్‌ను చదివే విధానం

లేబుల్ మీద చిత్రకారుడి పేరు, జనన మరణ సంవత్సరాలు, చిత్రం పేరు, కాలం, రంగులు, దేనిమీద గీశారో (చెక్క, గుడ్డ వంటివి), చివర ఆ చిత్రం సంస్థకు ఎలా వచ్చిందో ఒక ముక్క, ఒక సంఖ్య ఉంటాయి. కింది రెండు వివరాలను ఎవరూ చదవరు. జాతీయ చిత్రశాల చరిత్రంతా వాటిలోనే ఉంటుంది. లండన్‌లో ఎన్‌జీ1 అనే సంఖ్య సెబాస్టియానో డెల్ పియోంబో గీసిన లాజరు పునరుత్థాన చిత్రానిది. ఆంగర్‌స్టైన్ అనే బ్యాంకరు సేకరించిన 38 చిత్రాలను 1824లో బ్రిటిష్ ప్రభుత్వం 57,000 పౌండ్లకు కొనడంతో ఆ సంస్థ మొదలైంది, వాటిలో ఇది ఒకటి. వాన్ ఐక్ చిత్రం ఎన్‌జీ186, కొన్నది 1842లో. కొన్నవి, కానుకగా వచ్చినవి, వీలునామాతో వచ్చినవి, పన్నుకు బదులుగా ప్రభుత్వం స్వీకరించినవి అని చూసుకుంటూ పోతే ఒక దేశం తన గోడలను ఎలా నింపుకుందో తెలుస్తుంది.

చిత్రకారుడి పేరుకు ముందూ వెనుకా ఉండే మాటలకు బరువెక్కువ. పేరు ఒక్కటే ఉంటే ఆయనే గీశాడని సంస్థ నమ్మకం. ఆయనదిగా భావిస్తున్నది అంటే నమ్మకం ఉంది గానీ రుజువు చాలలేదు. ఆయన కార్యశాలకు చెందినది అంటే శిష్యులు, సహాయకుల చేయి ఉంది. అనుయాయిది అంటే ఆ శైలిని అనుసరించిన వేరొకరు. ఫలానా చిత్రానికి అనుకృతి అంటే మూలం మరెక్కడో ఉంది, లేదా పోయింది.

ఈ తీర్పులు శాశ్వతం కావు. డబ్లిన్‌లోని ఒక జెస్యూట్ సన్యాసుల నివాసంలో హోంట్‌హోర్స్ట్ అనే డచ్ చిత్రకారుడు గీసిందన్న పేరుతో వేలాడుతూ ఉన్న చిత్రం 1990ల తొలినాళ్ళలో కారవాజియోది అని తేలింది. క్రీస్తును బంధించే ఆ దృశ్యం ఇప్పుడు ఐర్లండ్ నేషనల్ గ్యాలరీలో ఉంది, లేబుల్ మీద అది జెస్యూట్ సమాజం గడువు లేకుండా ఇచ్చిన అరువు అని ఉంటుంది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ వాషింగ్టన్‌ది: అక్కడి ‘వేణువుతో బాలిక’ చిత్రం వెర్మీర్ గీసినది కాదని, ఆయన దగ్గర పనిచేసినవారిదని 2022 అక్టోబరులో ఆ గ్యాలరీ ప్రకటించింది. కొద్ది నెలలకే, 2023లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం తన వెర్మీర్ ప్రదర్శనలో అదే చిత్రాన్ని వెర్మీర్‌దిగానే వేలాడదీసింది. సముద్రం దాటగానే లేబుల్ మారిందన్నమాట.

8. ఫోటోలు, మార్గదర్శకులు, పిల్లలు

ఫోటోల నియమం ప్రతి సంస్థకూ వేరు. లండన్‌లో శాశ్వత సేకరణను ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు. ప్రాదో గదుల్లో ఫోటోలే నిషిద్ధం. అరువు తెచ్చిన చిత్రాల పక్కన ఫోటోను నిషేధించే గుర్తు ఉందేమో చూడండి. తీసుకునేటప్పుడు చిత్రం తరువాత లేబుల్‌ను కూడా ఒక ఫోటో తీస్తే, ఇంటికి వచ్చాక ఏది ఎవరిదో వెతుక్కునే బాధ ఉండదు.

ఆడియో గైడ్‌ను మొదటి నుంచి చివరి దాకా వినడం కంటే, జాబితాలోని చిత్రాలకే, అదీ సొంతంగా చూసిన తరువాత వినడం మంచిది. చాలా గ్యాలరీలు ఉచితంగా ఏర్పాటు చేసే చిన్న ఉపన్యాసాలు ఒకటి రెండు చిత్రాలకే పరిమితమై ఉంటాయి, వాటి వేళలు ప్రవేశం దగ్గర రాసి ఉంటాయి. నడవలేనివారికి చక్రాల కుర్చీలు చాలా చోట్ల ఉచితంగా ఇస్తారు, కానీ సంఖ్య తక్కువ కాబట్టి ముందుగా అడగాలి.

పిల్లలతో వెళితే జాబితాను నాలుగైదు చిత్రాలకు కుదించండి, వెతికే పనిని వారికి అప్పగించండి. అద్దంలో ఎంతమంది, తెగిన తీగ ఎక్కడ అని అడిగితే పెద్దలకంటే ముందే వాళ్ళు కనిపెడతారు.

9. అలసట, విరామం, తిరిగి వచ్చాక

మ్యూజియం అలసట అనే మాటతో బోస్టన్ లలితకళల మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే ఒక వ్యాసం రాశాడు. అద్దాల పెట్టెల్లోని వస్తువులను చూడటానికి వంగుతూ, మెడ తిప్పుతూ ఉన్న మనిషి ఫోటోలతో, అమరికే మనల్ని అలసగొడుతోందని చూపించాడు. దాదాపు గంటన్నర తరువాత చూపు చిత్రాల మీద నిలవదు. అప్పుడు బెంచీ మీద కూర్చోండి, లేదా కెఫేకు వెళ్ళండి. ఉచిత గ్యాలరీలలో బయటికి వెళ్ళి మళ్ళీ రావచ్చు, మళ్ళీ తనిఖీ క్యూలో నిలబడాలన్నదే ఇబ్బంది. టికెట్ ఉన్నచోట పునఃప్రవేశం ఉందో లేదో బయటికి అడుగుపెట్టక ముందే అడిగి తెలుసుకోండి. మూసే వేళకు ముందే సిబ్బంది గదులు ఖాళీ చేయించడం మొదలుపెడతారు కాబట్టి చివరి చిత్రాన్ని చివరి పది నిమిషాలకు వాయిదా వేయకండి.

దుకాణంలో బరువైన పుస్తకం కొనే ముందు విమాన లగేజీ పరిమితిని గుర్తుచేసుకోండి. వాషింగ్టన్ గ్యాలరీ, రైక్స్ మ్యూజియం తమ సేకరణలోని హక్కులు ముగిసిన చిత్రాల ఫోటోలను పెద్ద పరిమాణంలో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తాయి, వాటిలో రంగు పగుళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. అదే రాత్రి హోటల్‌లో, నోటుపుస్తకంలోని గీతలు, పొడి మాటలు అర్థం కాకుండా పోకముందే, చూసిన ఒక్కో చిత్రానికి రెండేసి వాక్యాలు రాసిపెట్టుకోండి. లేబుల్ ఫోటోలోని సంఖ్యను పక్కన చేరిస్తే, ఆ సంఖ్యతోనే వెబ్‌సైట్‌లో ఆ చిత్రం పేజీని ఎప్పుడైనా తెరవవచ్చు.